చేప పళ్లు ఎక్కడున్నాయి? పిల్లలకు చేప శరీరాన్ని చేతులతో చూపించడం

శీలవతి చేప నోట్లో వేలు పెట్టి తడిమి చూస్తే ఒక్క పన్ను కూడా తగలదు. పై దవడా మెత్తనే, కింది దవడా మెత్తనే. ఆరేడేళ్ల పిల్లకు ఈ పని చెప్పి చూడండి. కాస్త జంకుతుంది, వేలు పెడుతుంది, చటుక్కున తీసేస్తుంది, ఆ వెంటనే అడుగుతుంది: “మరి ఇది ఎలా నములుతుంది?” పళ్లు ఉన్నాయి. కాకపోతే అవి గొంతులో, మొప్పల వెనక, వంపు తిరిగిన ఒక ఎముక మీద మూడు వరసల్లో ఉంటాయి. తలకాయ పులుసు వండుకునే ఇళ్లలో ఆ ఎముక కంచంలోకి వస్తూనే ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు, పక్కన పడేస్తారు.

బడిలో జరిగేది వేరు. చేప బొమ్మ వేసి, చుట్టూ బాణం గీతలు పెట్టి, వాజాలు (అంటే రెక్కలు), మొప్పలు, పొలుసులు, పార్శ్వరేఖ అని పేర్లు రాయిస్తారు. పిల్లలు రాసేస్తారు, మార్కులూ పడతాయి. ఆ బొమ్మలో ఒకటి మాత్రం ఉండదు: నీళ్లు. చేప ఒంట్లో ఏ భాగం తీసుకున్నా, నీళ్లలో బతకడంలో ఉన్న ఏదో ఒక ఇబ్బందికి అది జవాబు. నీళ్లు గాలి కన్నా దాదాపు 800 రెట్లు బరువు. వాటిలో ప్రాణవాయువు బాగా తక్కువ. కంటికి వెలుతురు అందే తీరు కూడా నీళ్లలో మారిపోతుంది. ఈ ఇబ్బందులు తెలియని పిల్లకు మొప్ప అంటే ఎర్రగా ఉండే ఒక వస్తువు, అంతే.

అందుకే పేర్లు చివర్లో చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. ముందు ఇబ్బంది ఏమిటో తెలియాలి, దానికి చేప ఒంట్లో ఉన్న ఏర్పాటు చేత్తో తగలాలి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మనం ఇంట్లో చేసి చూపించే ఏ నమూనా అయినా కొంత నిజం చెప్పి, కొంత దాచేస్తుంది. ఏం దాచిందో పెద్దవాళ్లకు తెలియకపోతే పిల్లలు తప్పునే గట్టిగా నేర్చుకుంటారు.

ఏ చేప తేవాలి

పాఠం కోసం చేపను చంపాల్సిన పని లేదు. డిగ్రీ, పీజీ జంతుశాస్త్రం కోర్సుల్లోనే జంతువులను కోయడం ఆపేయమని యూజీసీ 2014లో చెప్పింది. అలాంటిది ఒకటో తరగతి పిల్లల ముందు బతికున్న చేపను కోయాలన్న ఆలోచనే రాకూడదు. ఎలాగూ కూరకు తెచ్చుకునే చేప చాలు. వండే ముందు ఒక గంట అది పాఠం అవుతుంది.

కిలో తూగే శీలవతి (రోహు అన్నా అదే, తెలంగాణలో రవ్వ అంటారు) దీనికి సరిపోతుంది. పొలుసులు పెద్దవి, రెక్కలు విడివిడిగా కనిపిస్తాయి, గుచ్చుకునే ముళ్లు రెక్కల్లో ఉండవు. జెల్లలు, మార్పు చేపలు పిల్లల చేతికి వద్దు. వాటి రొమ్ము రెక్కల దగ్గర గట్టి ముల్లు ఉంటుంది, గుచ్చుకుంటే పెద్దవాళ్లే విలవిల్లాడతారు. చందువా ఖరీదెక్కువ గానీ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కాగితం మీద అచ్చు తీయడానికి దాన్ని మించింది లేదు. కానాగంతలు చవకే, వాటి పొలుసులు మాత్రం మరీ చిన్నవి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగిపోతుంది కాబట్టి, బడులు తెరిచే రోజుల్లో తాజా సముద్రపు చేప అంత తేలిగ్గా దొరకదు. అప్పుడు చెరువు చేపే దిక్కు. తెలంగాణలో మృగశిర కార్తె కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. చేప తినని ఇల్లు కూడా ఆ రోజు మార్కెట్ దారి పడుతుంది కాబట్టి, పాఠానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

వీలైతే పిల్లలను మార్కెట్‌కు వెంట తీసుకెళ్లండి. కొనేవాళ్లు ఏం చేస్తారో చూడమనండి. మొప్ప మూత ఎత్తి ఎరుపు చూస్తారు. కన్ను తేటగా, ఉబ్బెత్తుగా ఉందో లేదో చూస్తారు. పొట్ట మీద వేలితో నొక్కి, గుంట పడి అలాగే ఉంటే పెదవి విరుస్తారు. చేప ఒంటి గురించి మన అమ్మమ్మలకు ఉన్న జ్ఞానం అంతా ఆ అర నిమిషంలో కనిపిస్తుంది. కోసే ఆవిడకు మాత్రం ముందే గట్టిగా చెప్పాలి: పొలుసు తీయొద్దు, కడుపు కోయొద్దు, ఉన్నదున్నట్టు ఇవ్వమని. లేకపోతే మనం సంచి తెరిచేలోపే ముక్కలు అయిపోతాయి.

బయటి నుంచి మొదలు

చేపను పళ్లెంలో పెట్టి ఎత్తమంటే మొదట జరిగేది జారిపోవడం. పిల్లలు నవ్వుతారు, మళ్లీ ప్రయత్నిస్తారు. ఇప్పుడు చేతికి కొంచెం రాళ్ల ఉప్పు రాసుకుని ఎత్తమనండి. కొర్రమీను కోసేవాళ్లు బూడిద ఎందుకు వాడతారో అక్కడే అర్థమవుతుంది. ఆ జిగురు చేపకు చాలా పనులు చేస్తుంది: నీటిలో ఒరిపిడి తగ్గిస్తుంది, క్రిములను ఒంటికి అంటుకోనివ్వదు. అక్వేరియంలో చేపను చేత్తో పట్టుకోవద్దని చెప్పేది ఇందుకే.

తర్వాత తల నుంచి తోక వైపు వేలు నడిపించాలి. నున్నగా వెళుతుంది. తోక నుంచి తల వైపు నడిపిస్తే పొలుసుల అంచులు తగులుతాయి. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, తెరుచుకునే వైపు తోక దిక్కుకు. నీళ్లు ఏ వైపు నుంచి ఏ వైపుకు జారిపోవాలో అడిగితే నాలుగేళ్ల పిల్లలు కూడా చూపిస్తారు.

ఒక పొలుసు పీకి, కడిగి, రెండు కాగితాల మధ్య ఆరబెట్టి భూతద్దం కింద పెట్టండి. కాగితంతో చేసే సూక్ష్మదర్శిని, ఫోల్డ్‌స్కోప్, దొరికితే ఇంకా మంచిది. ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నని గీతలు కనిపిస్తాయి. చేప పెరిగేకొద్దీ పొలుసుల సంఖ్య పెరగదు. ఉన్న పొలుసే పెరుగుతుంది, దాని అంచున కొత్త గీతలు చేరుతుంటాయి. ఇక్కడ చాలామంది చెప్పే ఒక పని నాకు నచ్చదు: “గీతలు లెక్కపెట్టి చేప వయసు చెప్పండి.” ఆ గీతలు ఏడాదికొకటి కాదు. చలి దేశాల్లో శీతాకాలం ఎదుగుదల మందగించి గీతలు దగ్గర దగ్గరగా పడతాయి, ఆ ఇరుకు పట్టీలను లెక్కపెట్టి వయసు చెబుతారు. మన వెచ్చటి చెరువుల్లో పెరిగిన చేప మీద ఆ పట్టీలు అంత స్పష్టంగా ఉండవు. పైగా చెరువు శీలవతి వయసు చాలాసార్లు రెండేళ్లు కూడా ఉండదు. గీతలు ఉన్నాయని చూస్తే చాలు, లెక్క వద్దు.

లెక్క కావాలంటే వేరే చోటుంది. చేప పక్కన, మొప్ప మూత నుంచి తోక దాకా ఒక సన్నని చుక్కల గీత వెళుతుంది. అదే పార్శ్వరేఖ. శీలవతిలో ఆ గీత మీద దాదాపు 40 పొలుసులు ఉంటాయి. ఒకటో రెండో తరగతి పిల్లకు పుల్ల ఇచ్చి ఒక్కొక్కటీ ముట్టుకుంటూ లెక్కపెట్టమనండి. ఆ గీత మీది పొలుసు ఒకటి, దాని పై వరసలోది ఒకటి పీకి పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది: గీత మీది పొలుసుకు సన్నని గొట్టం లాంటి రంధ్రం ఉంటుంది. పక్కన నీళ్లు కదిలితే చేపకు తెలిసేది దీనివల్లే. దీన్ని పిల్లల ఒంటికి చూపించడం పూర్తిగా కుదరదు గానీ కొంత దగ్గరికి వెళ్లొచ్చు. టబ్బులో నీళ్లు కదలకుండా నిలిచాక, ఒకరు కళ్లు మూసుకుని చెయ్యి ముంచి ఉంచాలి, ఇంకొకరు అటు చివర నీళ్లను ఒక్కసారి కదపాలి. ఎటు నుంచి వచ్చిందో చెప్పాలి. చెబుతారు.

డబ్బులు పెట్టగలిగితే, లేదా బడిలో నలుగురు కలిసి చేస్తుంటే, బొచ్చె, శీలవతి, మోసు మూడూ తెచ్చి తలలు వరసగా పెట్టండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. శీలవతి నోరు ముందుకు, కొంచెం కిందికి, పెదవి అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. మోసు నోరు కిందికి. “ఇందులో చెరువు పైన తినేది ఏది? అడుగున తినేది ఏది?” అని అడిగితే పాఠం చెప్పకుండానే జవాబు వస్తుంది. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో రైతులు ఈ చేపలను కలిపి వేసేది ఈ లెక్క మీదే. ఒకే చెరువులో పై నీటి తిండి ఒకదానికి, మధ్య నీటిది ఇంకొకదానికి, అడుగుది మరొకదానికి. పోటీ తక్కువ, దిగుబడి ఎక్కువ.

రెక్కల గురించి ఒక్క మాట. చచ్చిన చేప రెక్కలను విప్పి మూయడం సరదాగానే ఉంటుంది గానీ, వాటి పని తెలియాలంటే గాజు సీసాలో బతికున్న చిన్న చేపనో, ఎవరింట్లోనో ఉన్న అక్వేరియాన్నో చూడాలి. చేప ఒకేచోట నిలబడి ఉన్నప్పుడు ఏ రెక్క కదులుతోంది? తోక అంటారు పిల్లలు. చూస్తే రొమ్ము రెక్కలు. కదలకుండా నిలబడటానికీ పని చేయాలన్న సంగతి వాళ్లను బాగా ఆశ్చర్యపరుస్తుంది.

బయటి భాగాలకు చివరి పని అచ్చు తీయడం. జపాన్‌లో 19వ శతాబ్దపు జాలరులు తాము పట్టిన చేప ఎంత పెద్దదో గుర్తుగా దాని మీద సిరా పూసి కాగితం మీద అచ్చు తీసుకునేవారు, దాన్ని గ్యోటాకు అంటారు. చేపను ఉప్పుతో రుద్ది జిగురు పోయేలా కడిగి బాగా తుడవాలి. రెక్కలను విప్పి కింద బంకమట్టి పెట్టి నిలపాలి. పోస్టర్ కలర్ పల్చగా పూసి, పల్చటి కాగితం వేసి వేళ్లతో మెల్లగా ఒత్తాలి. రంగు ఎక్కువైతే అంతా ముద్ద అయిపోతుంది, ఇది ప్రతి ఒక్కరికీ మొదటిసారి జరుగుతుంది. చక్కగా వస్తే పొలుసులు, పార్శ్వరేఖ, రెక్కల పుల్లలు అన్నీ కాగితం మీదికి వస్తాయి. రంగు పూసిన చేపను మాత్రం వండకూడదు, కాబట్టి దీనికి చవక చేప ఒకటి విడిగా తెచ్చుకోవాలి.

మొప్పల దగ్గర ఆగాలి

ఉన్న సమయంలో సగం దీనికే పెట్టినా తప్పు లేదు. చేప నీళ్లలో ఊపిరి ఎలా పీల్చుకుంటుందని అడిగితే పిల్లలు చెప్పే జవాబు: “నీళ్లు తాగుతుంది.” కొంచెం పెద్ద పిల్లలైతే ఇంకో తప్పు చేస్తారు. నీళ్లంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిందే కదా, చేప అందులోంచి ఆక్సిజన్ విడగొట్టుకుంటుందని చెబుతారు. చదువుకున్న పెద్దవాళ్లలోనూ ఇలా అనుకునేవాళ్లున్నారు. చేపకు కావలసింది నీటిలో కరిగి ఉన్న గాలి. గాజు గ్లాసులో ఫ్రిజ్ నీళ్లు పోసి కిటికీ దగ్గర గంట సేపు పెడితే గ్లాసు గోడకు చిన్న చిన్న బుడగలు అంటుకుంటాయి. నీళ్లు వెచ్చబడేకొద్దీ బయటికి వచ్చిన కరిగిన గాలి అది. ఈ ఒక్కటి చూపించకుండా మొప్పల గురించి ఏం చెప్పినా గాలిలో మేడే.

ఎంత ఉంటుంది ఆ గాలి? 25 డిగ్రీల వేడి ఉన్న లీటరు మంచినీటిలో ప్రాణవాయువు పట్టేది ఎక్కువలో ఎక్కువ 8 మిల్లీగ్రాములు. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 30 రెట్లకు పైనే తేడా. పిల్లల ముందు ఒక వైపు 30 చింతగింజలు, ఇంకో వైపు ఒక్క గింజ పెట్టండి. మనం బతికేది ఆ కుప్పతో, చేప బతకాల్సింది ఈ ఒక్కదానితో. కైకలూరు, భీమవరం వైపు పిల్లలకైతే ఇంకో ఉదాహరణ ఇంట్లోనే ఉంటుంది. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, నాన్న టెన్షన్‌తో చెరువు గట్టు మీదే ఉంటాడు. రాత్రంతా నాచు ప్రాణవాయువు తయారు చేయదు, పైగా వాడేస్తుంది. తెల్లారేసరికి ఆ ఒక్క గింజ కూడా మిగలదన్నమాట.

ఇప్పుడు మొప్ప మూత ఎత్తాలి. పక్కకు నాలుగు చొప్పున వంపు ఎముకలు ఉంటాయి. పెద్దవాళ్లు కత్తెరతో ఒకదాన్ని కోసి నీళ్ల గిన్నెలో వేస్తే, ఒక వైపు ఎర్రటి కుచ్చు విచ్చుకుంటుంది, ఇంకో వైపు తెల్లటి దువ్వెన పళ్ల లాంటివి గట్టిగా తగులుతాయి. ఎరుపు వైపు ఊపిరి పని. తెలుపు వైపు తిండి పని: నీటితో వచ్చిన తిండి మొప్పల్లోంచి జారిపోకుండా ఆపడం. బొచ్చె దొరికితే దాని తెల్ల పళ్లు చూడండి, సన్నగా ఒత్తుగా ఉంటాయి. నీటిలో తేలే సూక్ష్మజీవులను వడకట్టుకు తినే చేప కాబట్టి అంత ఒత్తు అవసరం. కొర్రమీనుకు అవి మొండిగా, కొద్దిగానే ఉంటాయి. అది చిన్న చేపలను మింగే చేప.

గిన్నెలోంచి మొప్పను పైకి తీస్తే ఎర్ర కుచ్చు అంతా ముద్దలా అతుక్కుపోతుంది. మళ్లీ నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది. మొప్ప దొరకని చోట రంగులేసే కుంచెతో ఇదే చేయొచ్చు. నీళ్ల బయట గాలి 30 రెట్లు ఎక్కువ ప్రాణవాయువుతో ఉన్నా చేప ఎందుకు చచ్చిపోతుందన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. కుచ్చు ముద్దయిపోతే గాలి తగిలే చోటే మిగలదు. ఆరిపోయాక అసలు పనికిరాదు.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. మొప్పలో నీళ్లు ఒక వైపుకు పారితే, రక్తం దానికి ఎదురు దిక్కుగా పారుతుంది. ఇది ఎందుకంత గొప్ప ఏర్పాటో మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు, ఆటలో ఎక్కుతుంది. నలుగురు పిల్లలు నీళ్లు, నలుగురు రక్తం. నీళ్ల పిల్లల చేతిలో ఎనిమిదేసి చింతగింజలు, రక్తం పిల్లల చేతులు ఖాళీ. ఇద్దరు ఎదురుపడినప్పుడల్లా తమ దగ్గరున్నవి కలిపి సమానంగా పంచుకోవాలి, బేసి మిగిలితే అది నీళ్లకే. మొదట రెండు వరసలూ ఒకే దిక్కుకు, జంటలుగా పక్కపక్కన నడవాలి. ఒక్కసారి పంచుకుంటారు, నాలుగు నాలుగు అయిపోతుంది, ఆ తర్వాత ఎంత దూరం నడిచినా మారదు. రక్తానికి దక్కింది 32 గింజల్లో 16. రెండోసారి వరసలు ఎదురెదురుగా నడిచి, ప్రతి ఒక్కరూ అవతలి వరసలో నలుగురినీ దాటాలి. ఈసారి రక్తం వైపు 22 గింజలు చేరతాయి. గింజలు అవే, పిల్లలు వాళ్లే, మారింది నడిచే దిక్కు మాత్రమే. చేప మొప్ప మంచి స్థితిలో తనను దాటిపోయే నీటిలోని ప్రాణవాయువులో 80 శాతం దాకా లాగేయగలదు. మన ఊపిరితిత్తులు లాగేది పీల్చిన దాంట్లో నాలుగో వంతు. మనకు అంతకన్నా అవసరం లేదు, గాలిలో కావలసినంత ఉంది.

ఇంత చెప్పాక ఒక పిల్ల తప్పకుండా అడుగుతుంది: “మరి మార్కెట్లో కొర్రమీను బేసిన్‌లో అన్ని గంటలు ఎలా బతికుంది?” మంచి ప్రశ్న. కొర్రమీనుకు మొప్పల పైన గాలి నింపుకునే గది ఒకటి ఉంటుంది. అది నీటి పైకి వచ్చి గాలి మింగుతుంది. పైకి రానివ్వకుండా ఆపితే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరవుతుంది. ఎండిపోయే చెరువుల్లో బతకడానికి వచ్చిన ఏర్పాటు ఇది. మార్పు చేపలకు అదే చోట చెట్టు కొమ్మల్లాంటి ఎర్రటి భాగం ఉంటుంది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది, నాంపల్లిలో చేప ప్రసాదంలో వాడేది ఈ కొర్రమీనునే. నియమం నేర్పిన వెంటనే దాన్ని దాటిన చేపను కూడా చూపిస్తే పిల్లలకు సైన్స్ మీద నమ్మకం తగ్గదు, పెరుగుతుంది.

గాలితిత్తి: నమూనా తప్పు చెప్పే చోటు

ప్లాస్టిక్ సీసా నిండా నీళ్లు, అందులో పెన్ను క్యాపు, క్యాపు అంచుకు కొంచెం బంకమట్టి. సీసాను నొక్కితే క్యాపు మునుగుతుంది, వదిలితే తేలుతుంది. చేప గాలితిత్తి గురించి చెప్పడానికి అందరూ చేసే ప్రయోగం. పిల్లలకు మహా ఇష్టం. దాన్నుంచి వాళ్లు తీసుకునే అర్థం ఏమిటంటే, చేప తన గాలితిత్తిని నొక్కుకుని మునుగుతుంది, వదిలి తేలుతుంది అని. అలా జరగదు. చేప లిఫ్టులా తిత్తిని నొక్కుతూ వదులుతూ తిరగదు. తిత్తిలో గాలి ఎంత ఉంటే తన బరువు నీటితో సరిపోతుందో అంత ఉంచుకుంటుంది, అప్పుడు మునగకుండా తేలకుండా శ్రమ లేకుండా నిలబడగలదు. పైకీ కిందికీ వెళ్లేది రెక్కలతో, తోకతో. శీలవతి లాంటి చేపల్లో తిత్తికి గొంతుతో సన్నని గొట్టం ఉంటుంది, గాలి మింగి నింపుకోవచ్చు. పండుగప్ప లాంటి వాటిలో ఆ దారి మూసుకుపోయి ఉంటుంది, గాలి రక్తం ద్వారానే వచ్చి పోతుంది.

సీసా ప్రయోగం మానేయక్కర్లేదు. లోతుకు వెళితే నీటి ఒత్తిడికి తిత్తి కుంచించుకుపోతుందన్న సంగతికి అది చక్కటి నమూనా. ఆ మాట చెప్పి చూపించాలి.

అసలు తిత్తి దొరికితే నమూనాతో పనేముంది? శీలవతి కడుపు జాగ్రత్తగా కోస్తే, వెన్నెముక కింద మెరిసే తెల్లటి బుడగ, మధ్యలో నొక్కు పడి రెండు గదులుగా కనిపిస్తుంది. పగలకుండా తీసి నీళ్లలో వేస్తే తేలుతుంది. తర్వాత గుచ్చి వేయాలి. పిల్లలు దాన్ని టప్‌మని పేల్చడానికి పోట్లాడుకుంటారు, కాబట్టి ముందే ఎవరి వంతో తేల్చుకోండి. శీలవతి, బొచ్చె, జెల్లల్లో ఈ తిత్తికి ఇంకో పని ఉంది. చిన్న ఎముకల గొలుసు ఒకటి దీని కదలికను లోపలి చెవికి చేరవేస్తుంది, అందుకే ఈ చేపలు బాగా వినగలవు. చెవి బయటికి కనిపించని జీవి కడుపులోని బుడగతో వింటుందంటే పిల్లలు నమ్మరు. సొరచేపకు గాలితిత్తే లేదు, నూనె నిండిన పెద్ద కాలేయం దాని బరువును కొంత తేలిక చేస్తుంది.

కన్ను, కడుపు

చేప కన్ను లోంచి వచ్చే చిన్న గాజు గోళీ లాంటి కటకాన్ని కడిగి వార్తాపత్రిక మీద పెడితే దాని కింద అక్షరం పెద్దదిగా కనిపిస్తుంది. పులుసులో కంట్లోంచి వచ్చే తెల్లటి గట్టి గుండు కూడా ఇదే, ఉడికితే పాలిపోతుంది. గుండ్రంగా ఎందుకుండాలి? భూతద్దాన్ని నీళ్ల టబ్బులో ముంచి, అడుగున పెట్టిన నాణేన్ని చూడమనండి. నీళ్లలో దాని బలం చాలా మటుకు పోతుంది. ఆడుకునే గాజు గోళీతో చూస్తే నీళ్లలో కూడా పెద్దదిగా కనిపిస్తుంది. మన కంటిలో వెలుతురును ఎక్కువగా వంచేది పైనున్న పారదర్శక పొర. నీళ్లలో ఆ పొర పని చేయదు, మొత్తం భారం కటకం మీదే పడుతుంది. ఈత కొట్టేటప్పుడు నీళ్లలో కళ్లు తెరిస్తే అంతా మసకగా ఎందుకుంటుందో కూడా దీంతో తేలిపోతుంది.

కడుపులో ముందు చూడాల్సింది పేగు. శీలవతి పేగును చుట్టలు విప్పి నేల మీద పరిచి దారంతో కొలిస్తే, చేప పొడవుకు ఎన్నో రెట్లు వస్తుంది. పిల్లలు గది చివరి దాకా నడవాల్సి రావచ్చు. ఆకులు, నాచు తినే చేపకు అరిగించుకోవడానికి అంత దూరం కావాలి. పైగా ఈ చేపకు విడిగా జీర్ణాశయం అంటూ ఉండదు. కొర్రమీను పేగు పొట్టిది, జీర్ణాశయం ఉంటుంది, నోట్లో పళ్లూ ఉంటాయి. గొంతు పళ్ల ప్రశ్న ఇక్కడికి వచ్చి కలుస్తుంది. గుండె కోసం పిల్లలు కడుపులో వెతుకుతారు, అది గొంతు కింద, మొప్పల వెనకే ఉంటుంది. రెండే గదులు. రక్తాన్ని ముందు మొప్పలకు పంపాలి కాబట్టి అక్కడే కాపురం.

ఆకుపచ్చ చేదు సంచి, అంటే పిత్తాశయం, కనిపించగానే దాన్ని పెద్దవాళ్లే తీసి పారేయాలి. పగిలితే కూర చేదవుతుందని అందరికీ తెలుసు. ఇంతకన్నా పెద్ద సంగతి ఉంది. శీలవతి, బొచ్చెల పిత్తాశయాన్ని మందనుకుని పచ్చిగా మింగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు మన దేశంలో వైద్యులు నమోదు చేశారు. పిల్లలు వేలు నోట్లో పెట్టుకునే వయసులో ఉంటే కడుపు కోసే పని అసలు వాళ్ల ముందు వద్దు. వానాకాలం ముందు తెచ్చిన ఆడ చేపలో గుడ్లు కడుపంతా నిండి ఉంటాయి, మిగతా భాగాలు సరిగా కనిపించవు. కనిపించకపోవడం కూడా ఒక పాఠమే అనుకోండి.

కంచంలో మిగిలింది

వండిన చేప ముక్క పొరలు పొరలుగా ఎందుకు విడిపోతుంది? ఆ ఒక్కో పొర ఒక కండ. పచ్చి చేప చర్మం జాగ్రత్తగా ఒలిస్తే పక్క నుంచి అవి వంకర టింకర పట్టీలుగా కనిపిస్తాయి. వాటి మధ్య అతుకు వేడికి కరిగిపోతుంది, పొరలు విడిపోతాయి. తల నుంచి తోక దాకా ఈ పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటేనే చేప ఒళ్లు అటూ ఇటూ ఊగి ముందుకు పోతుంది. పార్శ్వరేఖ పక్కన ముదురు రంగు కండ ఉంటుంది చూడండి, కానాగంతలో బాగా కనిపిస్తుంది. అది అలసట లేకుండా రోజంతా ఈదడానికి. తెల్ల కండ ఒక్కసారిగా దూకడానికి.

ముళ్ల బాధ కూడా ఇక్కడే వివరించవచ్చు. శీలవతిలో, పులసలో మనల్ని ఏడిపించే సన్నని ముళ్లు పక్కటెముకలు కావు. కండల పొరల మధ్య విడిగా ఉండే ఎముకలు. అందుకే వెన్నెముక తీసేసినా అవి మిగిలిపోతాయి. పక్కటెముకలు కావాలంటే వేయించిన చందువానో కానాగంతనో నెమ్మదిగా తిని, మధ్య ముల్లును సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టి నల్ల అట్ట మీద అంటించండి. వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు.

ఏ వయసుకు ఏది అన్నదానికి గట్టి గీత లేదు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు తాకడం, అచ్చు తీయడం, మొప్ప మూతల్లా అరచేతులు చెంపలకు పెట్టుకుని నోరు తెరిస్తే మూతలు మూయాలి, నోరు మూస్తే మూతలు తెరవాలి అనే ఆట. ఆరు నుంచి ఎనిమిది దాకా పొలుసులు, మొప్పలు, కన్ను. కోసిన కడుపు ఆ పైవాళ్లకు. రేజర్లు, కత్తులు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

బొమ్మ వేయించడం ఈ పనికి మొదట్లో ఒకసారి, ఆఖర్లో ఒకసారి. విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1803లో లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు, అందులో చాలా చేపలకు ఇక్కడి పేర్లే ఉన్నాయి. ఆ కాలంలో చేపను తెలుసుకోవడమంటే ఎదురుగా పెట్టుకుని గీయడమే. పిల్లల మొదటి బొమ్మలో నవ్వే నోరు, కనురెప్పలు, ఒకే ఒక రెక్క ఉంటాయి. రెండో బొమ్మలో మొప్ప మూత గీత, జంట రెక్కలు, పక్కన చుక్కల గీత వచ్చాయేమో చూసుకోవచ్చు. రాకపోతే బొమ్మను దిద్దే పని లేదు, ఆ భాగాన్ని ఇంకోసారి ముట్టుకోమంటే సరిపోతుంది.

శాకాహారుల పిల్లలు, వాసన పడని పిల్లలు, చచ్చిన చేపను చూసి ఏడ్చే పిల్లలు ఏ తరగతిలోనైనా ఉంటారు. ముందురోజే ఇళ్లకు కబురు పెట్టాలి. వాళ్లకు కుంచె, గోళీ, చింతగింజల ఆట, అక్వేరియం చాలు, అసలు విషయంలో పెద్దగా పోయేదేమీ లేదు. ఏడ్చే పిల్లను పక్కన కూర్చోబెట్టి, దగ్గరికి వస్తానంటేనే రానివ్వాలి. చేపను ఐసు మీద ఉంచి గంటలో ముగించాలి, అందరి చేతులూ సబ్బుతో కడిగించాలి, గోళ్ల సందులతో సహా. మిగిలిన పేగులు, పొలుసులు మొక్కల పాదులో పూడ్చవచ్చు, గొయ్యి మాత్రం లోతుగా తవ్వాలి. లేకపోతే రాత్రికి వీధిలోని పిల్లులన్నీ వచ్చి తవ్వి పోస్తాయి.